వింటూ ఏం చేశారు?

"అది ఆగిపోకుండా చూస్తుండు, చాలు. నువ్వు వినక్కర్లేదు."

భర్త ఆఫీసుకి బయల్దేరుతూ గుమ్మంలో చెప్పిన మాట అది. పొయ్యి మీద పాలు పొంగకుండా చూడమన్నా, కుళాయి కింద బకెట్ పొర్లిపోకుండా చూడమన్నా ఆమెకి కొత్త కాదు. పాటకి కాపలా ఉండమనడం మాత్రం ఇదే మొదలు. వంటింటి అలమరలో గాజు గ్లాసుల వెనక ఒక పాత ఫోను వెల్లకిలా పడుకుని పాడుతోంది. దాని కింది కన్నానికి చిటికెన వేలంత డాంగిల్, డాంగిల్‌కి జడలా అల్లిన వెండిరంగు తీగ, తీగ చివర చింతగింజలంత నల్లటివి రెండు. వాటిని ఇయర్‌ఫోన్లు అంటే అతనికి ఎక్కడలేని కోపం వస్తుంది. మానిటర్లు అనాలి. వేదిక మీద పాడేవాళ్ళు తమ గొంతు తాము వినడానికి చెవి లోపలికంటా దూర్చుకునే రకమట. ఇక డాంగిల్ అంటే, ఫోను సొంతంగా సరిగ్గా చేయలేని పనిని పక్కన నిలబడి చేసిపెట్టేది. పాట ఫోనులోదే, పేరూ ఫోనుదే, అంకెలుగా దాచిన ఆ పాటని శబ్దంగా మార్చేది మాత్రం ఇది. ఆ సంగతి తెలిసినప్పుడు ఆమెకి ఆ చిన్న వస్తువు మీద వెంటనే ఆపేక్ష కలిగింది.

మానిటర్లు అప్పటికే ఐదు ఇళ్ళు తిరిగొచ్చాయి. తీగ మాత్రం కొత్తది. పెట్టెలో వచ్చిన తీగ నాసిగా ఉందని అతను తన సొంతది ఒకటి తీసి తగిలించాడు. కొత్త తీగ ఇరవై గంటలు పాడితేగానీ మెత్తబడదని, మెత్తబడితేగానీ శబ్దం అసలు రంగు బయటపడదని అతని నమ్మకం. "తీగ కూడా మెత్తబడుతుందా అండీ?" అని అడిగితే, "నీకు చెప్పినా అర్థం కాదు" అన్నాడు. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో ఆ ఇంట్లో మెత్తబడనిది ఏదైనా ఉందంటే ఆ ఒక్క మాటే.

పెట్టె సంగతి కూడా చెప్పాలి. పాటంటే చెవి కోసుకునే స్నేహితులు అతనికి ఓ ముప్ఫై మంది ఉన్నారు. తలా ఒక చోట ఉంటారు, ఫోనులో గుంపుగా ఉంటారు. కొత్త మానిటర్లు, కొత్త డాంగిళ్ళు వచ్చినప్పుడల్లా తయారుచేసినవాళ్ళు ఒక జత పెట్టెలో పెట్టి వీళ్ళ మధ్య తిప్పుతారు. ఒక్కో ఇంట్లో మూడు రోజులు. మూడో రోజు మధ్యాహ్నం కొరియర్ మనిషి వచ్చి తర్వాతి ఇంటికి పట్టుకుపోతాడు. పెట్టెలో ఒక పుస్తకం ఉంటుంది. విన్న ప్రతివాళ్ళూ తమ తొలి అభిప్రాయాన్ని అందులో ఒక పేజీలో రాసి పేరు పెట్టాలి. ఆలోచించి చెక్కి రాసేది కాదు, చెవికి మొదట తట్టింది తట్టినట్టు రాయాలి. చివరికి ఆ పుస్తకం తయారుచేసినవాళ్ళకి చేరుతుంది, దాన్ని చదివి వాళ్ళు శబ్దాన్ని సరిదిద్దుకుంటారు. ఈ గుంపులో ఆమె భర్తని అందరూ 'బంగారుచెవులు' అంటారు. ఆయన మాట అంటే వాళ్ళకి గురి.

బంగారుచెవులు నిన్న సాయంత్రం కాఫీ తాగుతూ అరగంట విన్నాడు. కళ్ళు తెరవకుండానే, "ఊఁ, రాసుకో" అన్నాడు. ఆమె తడిచేతులు తుడుచుకుని రాసుకుంది. పాట పరుచుకునే చోటుని ఆ గుంపులో వేదిక అంటారు. వేదిక మహా విశాలం. గోడలు లేవు. శబ్దం తల బయట ఎక్కడో మొదలై ఎక్కడో ముగుస్తోంది. ఇంత విశాలత ఈ మధ్యకాలంలో వినలేదు. అప్పటికప్పుడు గుంపులో పెట్టేశాడు కూడా. చప్పట్ల బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. "పుస్తకంలోకి నువ్వు ఎక్కించెయ్. నీ చేతిరాత బావుంటుంది, డిక్టేషన్ నీకు అలవాటే కదా" అన్నాడు కప్పు అందిస్తూ.

అలవాటే. ఆమె ఉద్యోగమే అది. ఆసుపత్రి రికార్డుల గదిలో కూర్చుని డాక్టర్లు చెప్పి రికార్డు చేసిన మాటల్ని హెడ్‌సెట్‌లో విని టైపు చేస్తుంది. పద్నాలుగేళ్ళుగా వింటోంది. డాక్టరు కూర్చుని చెబుతున్నాడా నడుస్తూ చెబుతున్నాడా, జలుబు చేసిందా, ఇంట్లో గొడవపడి వచ్చాడా, గది కిటికీ తీసి ఉందా, అన్నీ ఆమెకి తెలిసిపోతాయి. కాగితం అడుగున డాక్టరు పేరు లావుపాటి అక్షరాల్లో పడుతుంది. ఆమెది 'టైపు: 3' అని మూలన సన్నగా పడుతుంది. మూడో కుర్చీ అన్నమాట. ఆ గదికి ఒక నియమం ఉంది. చెప్పింది చెప్పినట్టే కొట్టాలి, తప్పని తెలిసినా దిద్దకూడదు. తప్పుందనిపిస్తే అడుగున గీత గీసి 'విన్నవారి గమనిక' అని విడిగా రాయాలి. ఆ గమనిక కింద కూడా 3 అనే ఉంటుంది.

ఒకసారి ఆమె హెడ్‌సెట్ తెగితే మరమ్మతు మనిషి అతికించి ఇచ్చాడు. ఆ రోజు నుంచి మీటింగుల రికార్డింగుల్లో బల్ల మధ్యలో కూర్చునే పెద్ద డాక్టరు మాయమైపోయాడు. మాటలున్నాయి, మనిషి లేడు. గదంతా పలచగా పరుచుకుని వినపడుతున్నాడు. సూపర్‌వైజరుకి చెబితే, "మాటలు వినపడుతున్నాయిగా. మనిషి ఎక్కడుంటే నీకెందుకమ్మా?" అన్నాడు. నాలుగు రోజులు వెంటపడ్డాక మరమ్మతు మనిషి వచ్చి విప్పి చూసి నాలిక కరుచుకున్నాడు. ఒక చెవి వైపు రెండు తీగల్నీ తారుమారుగా అతికించాడట. లోపం కనిపెట్టినవారు అన్నచోట సూపర్‌వైజరు తన పేరు రాసుకుని సంతకం పెట్టాడు. ఆమె దాన్ని చూసి, మనకెందుకులే అనుకుని పనిలో పడింది.

ఆసుపత్రిలో చెవులకి జీతమైనా ఉంది. ఇంట్లో చెవులకి జీతం లేదు, సెలవూ లేదు. వాషింగ్ మెషీన్ కూత, నీళ్ళ ట్యాంకు పొర్లే చప్పుడు, కాలింగ్ బెల్లు, పొయ్యి మీద గిన్నె మూత ఎగిరిపడటం, భర్త స్నానాల గదిలోంచి "తువ్వాలూ" అనడం, అత్తగారి దగ్గులో మామూలు దగ్గుకీ కోపం దగ్గుకీ ఉన్న తేడా, ఇవన్నీ ఆమె చెవుల బాధ్యతే. మిగిలిన ఇద్దరికీ చెవులు లేక కాదు. ఆమెవి ఉన్నాయి కదా అని. పెళ్ళైన కొత్తలో ఆమె రేడియోకి ఇయర్‌ఫోన్ తగిలించి కూరగాయలు తరుగుతుంటే అత్తగారు వచ్చి చూసి, "నువ్వు చెవులు మూసుకుంటే ఇల్లు ఎవరు వింటారమ్మాయ్?" అన్నారు. గట్టిగా కూడా అనలేదు. ఆ ఇయర్‌ఫోన్ ఆ రోజే సొరుగులోకి వెళ్ళింది, తర్వాత ఎక్కడ పోయిందో ఆమెకి గుర్తులేదు.

ఆదివారాలు పనిచేసినందుకు ఆసుపత్రి ఆమెకి మూడు రోజులు సెలవిచ్చింది. ఆ మూడు రోజుల్లో అలమరలు తుడవాలని, కర్టెన్లు ఉతకాలని ఇంట్లో ముందే అనుకున్నారు. అనుకున్నవాళ్ళు ఆమె కాదు. సరిగ్గా అప్పుడే పెట్టె వచ్చింది. మొదటి రోజు పదింటికి ఆమె పై అరల్లోంచి డబ్బాలు దించుతుంటే అనుమానం వచ్చింది. పాట నడుస్తోందా, ఆగిందా? ఫోను తెర నల్లగా ఉంది, రహస్య సంఖ్య అతనికే తెలుసు. ఆగిపోకుండా చూడమన్నాడు, వినొద్దన్నాడు. పాట ఆగిందో లేదో వినకుండా చూడటం ఎలాగో చెప్పి వెళ్ళలేదు. ఆమెకి నవ్వొచ్చింది. చేయి కడుక్కుని, తుడుచుకుని, కుడివైపు గింజని తీసి చెవికి ఆనించింది.

నడుస్తోంది. నడవడం కాదు, గింజలోంచి గది ఒకటి తెరుచుకుంది. ఆమె గబుక్కున తీసేసి అటూ ఇటూ చూసింది, దొంగతనం చేసినట్టు. మళ్ళీ పెట్టుకుంది. రెండోది కూడా పెట్టుకుంది. ఎడమది నిలవలేదు, జారిపోతోంది. పెట్టెలో గింజల కొసలకి తొడిగే వేరే రబ్బరు టోపీలు కూడా ఉన్నాయి, పెద్దవి, మధ్యరకం, చిన్నవి. కుడిచెవికి మధ్యరకం సరిపోయింది, ఎడమచెవికి చిన్నది కూడా కాస్త బిగుతుగానే పట్టింది. నలభై మూడేళ్ళు వచ్చాయి, తన ఎడమచెవి కుడిచెవి కంటే చిన్నదని ఆమెకి ఆ రోజుదాకా తెలియదు. ఎవరికి తెలుస్తుంది? ఆ చెవి ఏ కొలతదో ఎవరూ అడగలేదు, ఆమె కూడా అడగలేదు. టోపీ సరిగ్గా కూర్చోగానే ఇల్లు ఆగిపోయింది. ఫ్యాను లేదు, రోడ్డు లేదు, పక్కింటి మిక్సీ లేదు.

అప్పుడు పాత పాట ఒకటి మొదలైంది. చిన్నప్పుడు రేడియోలో వచ్చేది, అమ్మ బట్టలు మడతపెడుతూ కూనిరాగం తీసేది. ఒక ఫిడేలు, ఒక డోలు, ఒక ఆడగొంతు, అంతే. ఇన్నేళ్ళూ విన్న పాటలో ఇన్ని ఉన్నాయని ఎవరు చెప్పారు! ఫిడేలు కమాను తీగ మీద తిరిగే చోట సన్నటి గరుకు ఉంది. డోలు వాయించేవాడు దెబ్బ దెబ్బకీ మధ్య అరచేత్తో చర్మాన్ని ఒకసారి నిమురుతున్నాడు. ఎక్కడో కుర్చీ కిర్రుమంది. నలభై యాభై ఏళ్ళ కిందట ఎవరో కుర్చీలో కదిలిన కదలిక ఇప్పుడు తన చెవిలో పడిందని ఆమెకి ఒళ్ళు ఝల్లుమంది. కానీ పాడే మనిషి ఏది? మాటలు వినపడుతున్నాయి, రాగం వినపడుతోంది, మనిషి లేదు. గొంతు తల చుట్టూ పలచగా తిరుగుతోంది తప్ప ఒక్కచోట నిలవడం లేదు. డోలు దెబ్బలో కడుపు లేదు. విశాలంగా ఉన్నమాట నిజమే. ఖాళీ చేసిన ఇల్లు కూడా విశాలంగానే ఉంటుంది.

ముందు తన చెవినే అనుమానించింది. అది ఆమెకి చిన్నప్పటినుంచి అలవాటు. ఐదుగురు విని పంపారు, బంగారుచెవులు విని మెచ్చుకున్నాడు, గుంపంతా చప్పట్లు కొట్టింది. తను ఎవరు? తర్వాత పుస్తకం గుర్తొచ్చి తెరిచింది. ప్రతి పేజీ పైన అచ్చువేసిన ప్రశ్నలున్నాయి. విన్నవారు, ఎంతసేపు విన్నారు, ఏ డాంగిల్‌తో విన్నారు, వింటూ ఏం చేశారు. ఐదు పేజీల్లోనూ మగవాళ్ళ పేర్లే. వింటూ ఏం చేశారు అన్నదానికి ఒకాయన 'పడక్కుర్చీ' అని ఒక్కమాట రాశాడు. ఒకాయన 'రైల్లో కిటికీ పక్కన' అన్నాడు. ఇంకొకాయన నిజాయితీపరుడు, 'ఆఫీసులో పని చేస్తున్నట్టు నటిస్తూ' అన్నాడు. అభిప్రాయాలు తలా ఒకటి ఉన్నాయిగానీ ఒక్క విషయంలో ఐదుగురూ కలిశారు. పాడే మనిషి నుదుటికి జానెడు దూరంలో నిలబడి ఉంటుంది, చేయి చాస్తే తగిలేలా ఉంది. ఐదుగురికీ ఎదురుగా నిలబడిన మనిషి ఈ ఇంటికి వచ్చేసరికి ఎక్కడికి పోయింది?

ఆమె కుడిది ఒక్కటే పెట్టుకుని వింది. గొంతు నిండుగా ఉంది. ఎడమది ఒక్కటే పెట్టుకుంది. అదీ నిండుగానే ఉంది. రెండూ పెట్టుకుంటే మనిషి మాయం. విడివిడిగా ఇద్దరూ బంగారం, కలిస్తే మధ్యలో ఉన్నది చచ్చిపోతుంది. ఈ రోగం ఆమెకి తెలియనిది కాదు. పెద్ద డాక్టరు మాయమైన నాలుగు రోజులూ ఇదే రోగం! ఆమె తీగని కిటికీ వెలుగులోకి పట్టుకెళ్ళింది. తీగ కొసన సూదిమొనల్లాంటి రెండు పిన్నులుంటాయి, అవి మానిటర్‌లోని రెండు కన్నాల్లో దూరతాయి. ఎటు తిప్పి దూర్చినా దూరతాయి, అదే తంటా. కుడివైపు పిన్నుల పక్కన చిన్న ఎర్రచుక్క బయటికి ఉంది. ఎడమవైపు ఎర్రచుక్క లోపలికి తిరిగి ఉంది.

అతను తిరగేసి గుచ్చాడు. ఒక గింజ గాలిని అటు నెడుతుంటే ఇంకోటి ఇటు లాగుతోంది. ఆమె పిన్నుని పట్టుకుంది. విరిగితే? పరాయివాళ్ళ సొత్తు. 'నిన్నెవడు ముట్టుకోమన్నాడు' అన్న మాట అతను ఇంకా అనకముందే వినపడింది. లాగింది, తిప్పింది, మెల్లగా నొక్కింది. టక్కుమని కూర్చుంది. పెట్టుకుని, తీగ మీదున్న చిన్న మీట నొక్కి పాటని మొదటికి తిప్పింది.

వచ్చింది! ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది. పాట మొదలవ్వకముందే, పెదాలు విడివడిన చిన్న తడిచప్పుడులోనే మనిషి తెలిసిపోయింది. ఊపిరి తీసుకుంది, ఆ ఊపిరి చివర కొంచెం భయం ఉంది. మొదటి మాట పలికేసరికి వంటింట్లో నిలబడ్డ మనిషికి కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. డోలుకి కడుపొచ్చింది, ఫిడేలు తన చోటుకి తను వెళ్ళి కూర్చుంది, అందరూ ఎవరి జాగాలో వాళ్ళున్నారు, మధ్యలో ఆమె! రెండో చరణంలో ఒకచోట గొంతు సన్నగా చీరింది, దాన్ని నవ్వులాంటి దానితో కప్పేసి ముందుకెళ్ళిపోయింది. అది తప్పు. రికార్డులో మిగిలిపోయిన తప్పు. నీ తప్పు నేను విన్నానమ్మా, ఎవరికీ చెప్పనులే అనుకుంది. చేతిలో తుడిచే గుడ్డ పట్టుకుని, డబ్బాల మధ్య చిన్నపిల్లలా ఎగిరింది. నిజంగానే ఎగిరింది, ఒక డబ్బా దొర్లింది కూడా, ఆ చప్పుడు ఆమెకి వినపడలేదు.

అత్తగారు వచ్చిన సంగతి కూడా వినపడలేదు. తలెత్తేసరికి ఆవిడ చేతికర్రతో గుమ్మంలో నిలబడి ఉన్నారు, పెదాలు కదులుతున్నాయి. ఆమె కంగారుగా పీకేసింది.

"నాలుగుసార్లు పిలిచాను."

"ఏం కావాలి అత్తయ్యా? మంచినీళ్ళా?"

"ఏమీ వద్దు. పలుకుతావో లేదో చూద్దామని పిలిచాను."

పంతొమ్మిదేళ్ళుగా ఇలా ఊరికే ఎన్నిసార్లు పిలిచి ఉంటారు, తను ఎన్నిసార్లు పొయ్యి కట్టేసి పరుగెత్తి ఉంటుంది? ఒళ్ళు మండింది. కానీ అత్తగారి చూపు ఆమె మొహం మీద లేదు, చేతిలోని నల్లగింజల మీద ఉంది.

"అవి పెట్టుకుంటే ఎవరు పిలిచినా వినపడదా?"

"వినపడదు అత్తయ్యా."

"మా ఆయన పిలిచినా?"

"ఎవరు పిలిచినా."

ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది. అత్తగారు, "మా రోజుల్లో ఎక్కడ దాచారే వీటిని?" అని గొణుక్కుంటూ కర్ర తాటించుకుంటూ వెళ్ళిపోయారు.

సాయంత్రం భర్త రాగానే ఆమె ఆగలేకపోయింది. బూట్లు విప్పుతుండగానే చెప్పేసింది, పిన్ను, ఎర్రచుక్క, మాయమైన మనిషి, అన్నీ కలిపి. అతను మొత్తం వినకుండానే "చెయ్యి పెట్టావా?" అన్నాడు. తర్వాత చెవుల్లో పెట్టుకున్నాడు. ఆమె అతని మొహాన్నే చూస్తూ నిలబడింది. రెండు నిమిషాలకి అతని కనుబొమలు పైకి లేచాయి, నోరు కొంచెం తెరుచుకుంది. అతనికీ పాటంటే ప్రాణమే, అది నిజం, అందుకే ఆమెకి ఆ క్షణంలో అతని మీద ప్రేమ కూడా కలిగింది. అతను మెల్లగా తీసి, "చూశావా, తీగ మెత్తబడింది" అన్నాడు.

"తీగ కాదండీ, పిన్ను."

"పిన్ను కొంత, తీగ కొంత." అటూ ఇటూ నడిచాడు. "ఇదిగో, పుస్తకంలో నిన్నటిది ఎక్కించకు. కొత్తగా రాయి. ఇరవై గంటల తర్వాత గొంతు ముందుకొచ్చింది, అలాంటివేవో నువ్వు చెబుతున్నావే, ఊపిరి, పెదాల చప్పుడు, అవి పెట్టు. నా పేరు మీదే. పిన్ను ఊసెత్తకు. బంగారుచెవులు పిన్ను తిరగేసి విని విశాలం అన్నాడని తెలిస్తే నా పరువేం కాను?"

"మరి నేను విన్నది?"

"నువ్వు విన్నదే కదా రాయమంటున్నాను."

నిజానికి ఇది మొదటిసారి కాదు. రెండేళ్ళ కిందట ఒక జతని అతను చేతిలో పెట్టి ఎలా ఉందో చెప్పమంటే, 'వాన వెలిశాక కిటికీ తీసినట్టుంది' అంది. ఆ మాట గుంపులో ఇప్పటికీ వాడుకుంటారు, బంగారుచెవులు అన్న మాటగా. అప్పుడు ఆమె మురిసిపోయింది. నా మాట అంతమందికి నచ్చిందని లోపల్లోపల దాచుకుంది. ఇప్పుడు మాత్రం మురవలేకపోయింది. ఒక పక్క సూపర్‌వైజరు సంతకం గుర్తొచ్చింది. ఇంకో పక్క, ఈ పుస్తకం చదివి శబ్దం సరిదిద్దేవాళ్ళు, ఇరవై గంటలు ఆగితే మనిషి దానంతటదే వస్తుందని నమ్ముతారేమోనని దిగులేసింది. దానంతటదే రాలేదు. ఒకరు విన్నారు కాబట్టి వచ్చింది.

రెండో రోజు ఆమె ఉదయమే కర్టెన్లు మెషీన్‌లో పడేసి, అలమరల జోలికి పోకుండా, పుస్తకం పక్కన పెట్టుకుని కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. పెట్టెలో రెండో డాంగిల్ కూడా ఉంది, లోహంది, దీపం వెలుగుతుంది, కాసేపటికి వెచ్చబడుతుంది. దాంతో విన్నప్పుడు అన్నిటికీ అంచులు వచ్చాయి, ఫిడేలు ఇంకా దగ్గరికి వచ్చింది. కానీ పాటకీ పాటకీ మధ్య ఖాళీలో సన్నటి ఇసుక రాలుతున్న చప్పుడుంది. ఐదుగురిలో ఒక్కరూ అది రాయలేదు. చిన్న డాంగిల్‌లో అంచులు అంత పదును లేవు, కానీ ఖాళీ నిజంగా ఖాళీగా ఉంది, అందులోంచి గొంతు పుట్టుకొస్తుంటే చూడాలి! ఆమె ఒక్కో పాటనీ ఇటు ఒకసారి అటు ఒకసారి వింది. ముగ్గురు కలిసి పాడిన పాటలో ముగ్గురినీ విడదీసి వింది. ఒకామెకి కొంచెం తొందర, ఇంకొకామె ఆమె కోసం ఆగుతుంది. ఇంత ఆనందం ఇన్నాళ్ళూ చేతికందేంత దూరంలో, తన ఇంట్లోనే, గ్లాసుల వెనక పాడుకుంటూ ఉందా? నువ్వు వినక్కర్లేదు అంటే తను నిజంగానే వినకుండా ఉందా? తనని తాను తిట్టుకుంది, వెంటనే నవ్వుకుంది, తిట్టుకోడానికి టైము లేదు, తర్వాతి పాట మొదలవుతోంది.

చేతులతోనే వచ్చింది చిక్కు. వాటికి ఏం చేయాలో తెలియడం లేదు. కాసేపటికి అవే వెళ్ళి టేబులు మీద తువ్వాలుని మడతపెట్టాయి. ఆమె ఆ మడత విప్పేసి, తువ్వాలుని దూరంగా పెట్టి, చేతులు రెండూ ఒళ్ళో వేసుకుంది. చాలా కష్టమనిపించింది. ఆరో పాటకి అలవాటైంది. మెషీన్ కూతేసి నలభై నిమిషాలైందని తర్వాత తెలిసింది. ఇల్లు కూలలేదు. తడిబట్టలు తడిగానే ఉన్నాయి, అంతే.

మూడో రోజు పదకొండింటికి ఆమె పుస్తకం తెరిచింది. ముందు భర్త పేజీ. విన్నవారు అన్నచోట అతని పేరు, ఎంతసేపు అన్నచోట 'అరగంట', వింటూ ఏం చేశారు అన్నచోట 'కాఫీ తాగుతూ'. కింద అతను మొదట చెప్పింది చెప్పినట్టే ఎక్కించింది, వేదిక మహా విశాలం దగ్గర్నుంచి ఒక్క అక్షరం మార్చకుండా, తన మంచి చేతిరాతతో. తర్వాత పేజీ తిప్పింది. తెల్లటి పేజీ. ముందు అభిప్రాయం రాసే చోటుకే వెళ్ళింది.

'విన్నవారి గమనిక. వెనక పేజీలో ఉన్నది, అప్పుడు ఎలా వినపడిందో అలాగే రాసింది. అప్పటికి ఎడమవైపు పిన్నులు తిరగబడి ఉన్నాయి. తీగ మాది, పొరపాటూ మా ఇంటిదే. సరిచేశాక నేను విన్నది ఇది. పాడే ఆమె పాటకి ముందు పెదాలు విప్పుతుంది. ఊపిరి తీసుకునేటప్పుడు కొంచెం భయపడుతుంది. ఎదురుగా, మధ్యలో, నా ఎత్తులోనే నిలబడుతుంది. ఎవరి కోసమైనా ఈ శబ్దాన్ని ఇంకా విశాలం చేయాలనుకుంటే దయచేసి ఆమెని మాత్రం అక్కడినుంచి కదపకండి. లోహపు డాంగిల్‌తో ఖాళీల్లో ఇసుక రాలుతోంది, చూసుకోండి. చిన్నది నిశ్శబ్దంగా తన పని తను చేస్తుంది, నాకు అదే నచ్చింది. ఎడమచెవికి ఇంకా చిన్న టోపీ ఒకటి పెడితే మాలాంటివాళ్ళకి బావుంటుంది. చెప్పలేనంత సంతోషంగా ఉంది.'

ఆఖరి వాక్యం కొట్టేద్దామా అనుకుంది. తొలి అభిప్రాయం కదా అని ఉంచేసింది. అప్పుడే ఫోను మోగింది.

"రాసేశావా?"

"రాశానండీ. మీది మొన్న మీరు చెప్పింది చెప్పినట్టే ఎక్కించాను."

"కొత్తది రాయమన్నాను కదా!"

"మీ తొలి అభిప్రాయం మొన్నటిదే కదండీ. మారిస్తే అది దొంగరాత అవుతుంది. నాది నేను పక్క పేజీలో రాసుకున్నాను. పిన్ను సంగతితో సహా."

అవతల అతని కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు, ఎవరో నవ్వుతూ దాటిపోవడం, అతను ముక్కుతో బరువుగా వదిలిన ఊపిరి, అన్నీ ఆమెకి తెలుస్తూనే ఉన్నాయి.

"నిన్నెవరు రాయమన్నారు?"

"పుస్తకమే అడిగింది. విన్న ప్రతివాళ్ళూ రాయాలని మొదటి పేజీలోనే ఉంది."

"గుంపులో నన్ను ఏమనుకుంటారో ఆలోచించావా అసలు?"

"ఆలోచించాను. పిన్ను తిరగేయడం ఎవరికైనా జరుగుతుందండీ. మీరే ముందు చెప్పేస్తే నవ్వేసి ఊరుకుంటారు."

"ఇంటికొచ్చాక మాట్లాడదాం."

"సరే. వింటాను" అంది, నిజంగానే.

ఫోను పెట్టేసి, ఆమె పేజీ పైభాగానికి వచ్చింది. విన్నవారు అన్నచోట తన పేరు రాసింది. ఇంటిపేరుతో సహా పూర్తిగా రాసింది, 3 అని కాదు, ఫలానావారి భార్య అని కూడా కాదు. అక్షరాలు ఎప్పటికంటే కొంచెం పెద్దవి పడ్డాయి. ఎంతసేపు విన్నారు అన్నచోట 'తొమ్మిది గంటలు' అని రాసింది, మూడు రోజుల్లో విన్నవన్నీ కలుపుకుని. డాంగిల్ రెండూ. ఇంకొక్క ప్రశ్న మిగిలింది. అక్కడ కలం ఆగింది.

కాలింగ్ బెల్లు మోగింది. కొరియర్ మనిషి. ముందు గదిలోంచి అత్తగారు అరిచారు. "అమ్మాయ్, ఎవరో వచ్చారు! వినపడటంలేదా?"

"వినపడుతోంది అత్తయ్యా. రాసుకుంటున్నాను. తలుపుకి మీరే దగ్గర, కాస్త తీసి ఆయన్ని ఒక్క నిమిషం కూర్చోమనండి."

కర్ర తాటిస్తున్న చప్పుడు మెల్లగా తలుపు వైపు నడిచింది. ఆమె ఆ చప్పుడు గుమ్మందాకా వెళ్ళడం వింది. గడియ తీయడం వింది. అప్పుడు కలం ఆనించి, వింటూ ఏం చేశారు అన్న ప్రశ్నకి ఎదురుగా, తొందరపడకుండా రాసింది.

'ఏమీ చేయలేదు. కూర్చుని విన్నాను.'